చెంప పక్కన మామిడాకు

శ్రావణ శుక్రవారం పొద్దున్నే మా తోడికోడలు పోయింది. పసుపు కుంకుమలతో, భర్త చేతుల మీదుగా, అందులోనూ శుక్రవారం పూట. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళందరూ కళ్ళొత్తుకుంటూనే "అదృష్టవంతురాలమ్మా, పుణ్యస్త్రీగా వెళ్ళిపోయింది" అన్నారు. ఏడుస్తున్నదాన్ని ఏడుస్తూనే ఉన్నాను గానీ ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. పోవడంలో కూడా ఈవిడదే పైచేయా అనుకున్నాను. ఇలా రాస్తున్నందుకు మీరు నన్నేమనుకున్నా సరే. ఆమె గురించి అసూయ పడకుండా రాయడం నాకు చేతకాదు.

మాది నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే ఇల్లు. ఆమె పెద్దకోడలు, నేను చిన్నకోడల్ని. వంటిళ్ళు రెండు, పెరడు ఒకటే. నేను ఆమెను అక్కా అనేదాన్ని. నేను పచ్చగా ఉంటాను, ముక్కూ ముఖం తీరుగా ఉంటాయని మా పుట్టిల్లు ఉంగుటూరులో నాకు పేరు. అక్కది చామనఛాయ కూడా కాదు, నలుపే. వెడల్పు ముఖం, కాస్త ఎత్తు పళ్ళు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెను చూసి, ఈ ఇంట్లో నాకు పోటీ లేదని నిశ్చింతగా ఉన్నాను. ఆ నిశ్చింత మేమిద్దరం కలిసి వెళ్ళిన మొదటి పెళ్ళితోనే తీరిపోయింది. పందిట్లో పట్టుచీర కట్టుకుని నేను నిలబడి ఉంటే, అందరూ ఆమెనే తిరిగి తిరిగి చూస్తున్నారు.

ఆ చూపులన్నీ ఆమె జుట్టుకు. ముప్పై నిండకుండానే నెరిసిపోయిందట. దానికి ఆమె తన చేత్తో వేసుకునే రంగు నలుపు కాదు, అలాగని గోరింటాకు పెట్టుకున్న ముసలమ్మల ఎరుపూ కాదు. మామిడి చిగురు వేసిన కొన్నాళ్ళకు రాగి రంగు తిరిగి గోధుమ వన్నెకు వస్తుంది చూడండి, ఆ రంగు. ఎండలోకి వస్తే ఆ నల్లటి చెంప పక్కన ఆ రాగి మెరుపు కదిలేది. అంత వెడల్పు ముఖానికీ ఎక్కడలేని కళ వచ్చేసేది. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని.

రంగు తయారుచేయడంలో రహస్యమేమీ లేదు. వేసవిలో అందరూ రసాలు తిని టెంకలు పెంట మీద పారేస్తే, అక్క వాటిని కడిగి, ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడి దంచి డబ్బాలకు ఎత్తేది. ఆ పొడీ, గోరింటాకు పొడీ, టీ డికాషనూ ఇనప మూకుట్లో కలిపి నానబెట్టేది. ఎక్కువ సేపు నానితే నలుపుకు, తక్కువ సేపు నానితే ఎరుపుకు తిరుగుతుంది. ఇంతవరకూ నేనూ చేయగలను. నాకు పట్టుబడనిది ఆకు పెట్టి చూడటం.

రంగు కోసం ఎవరొచ్చినా వాళ్ళను పెరట్లో ఎండ పడే చోట పీట వేసి కూర్చోబెట్టేది. చెట్టు నుంచి రాగి చిగురు ఒకటి, లేతాకు ఒకటి, ముదురాకు ఒకటి, కింద రాలిన ఎండుటాకు ఒకటి తెచ్చి, ఒక్కొక్కటే వాళ్ళ చెంప పక్కన పెట్టి చూసేది. ఒక ఆకు పెడితే మనిషి జ్వరం పడి లేచినట్టు పాలిపోయేది. అదే మనిషి ఇంకో ఆకు పెట్టగానే కళ్ళతో సహా వెలిగేది. ఈ తేడా పక్కనున్న నాకూ కనిపించేది గానీ, ఏ ముఖానికి ఏ ఆకు తేవాలో నాకు ముందుగా తట్టేది కాదు. "ముందు ముఖం చూడాలే, ఆ తర్వాతే మూకుడు" అనేది అక్క.

అవి పెళ్ళిళ్ళలో కలర్ ఫోటోలు కొత్తగా మొదలైన రోజులు. నలుపు తెలుపు ఫోటోల్లో ఎవరి జుట్టయినా నల్లగానే పడేది. కలర్ ఫోటోలు వచ్చి అందరి బండారమూ బయటపెట్టాయి. ఆల్బమ్ తిరగేసి తమ తల ఇటుక రంగులో చూసుకున్న ఆడవాళ్ళంతా మా పెరటి దారి పట్టారు. మైలవరం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక టీచరుగారు నాకు బాగా గుర్తు. ఆవిడది గుండ్రటి ముఖం, చిన్న నుదురు.

"మొత్తం నల్లగా వేసేయండి అక్కయ్యగారూ. కొత్త ఊరు కదా, వయసు తెలియకూడదు" అందావిడ.

అక్క ఆకులు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపింది. "మొత్తం నలుపేస్తే మీ ముఖం ఇంకా గుండ్రంగా కనపడుద్దండీ. పాపిటకి ఇటో పాయ, అటో పాయ ఎర్రగా వేస్తాను. చెంపల మీదకి నిలువుగా దిగితే ముఖం కోలగా అనిపిస్తది. మిగతాది మీ జుట్టే, దాని జోలికి పోవద్దు."

వారం తిరక్కుండా స్కూల్లో టీచర్లందరూ ఆవిడను చిక్కిపోయారేంటండీ అని అడిగారట. ఆ మాట చెప్పడానికి స్వీట్లు పట్టుకుని వచ్చింది. నేనే కాఫీ ఇచ్చాను. ఆ రెండు పాయల వంక చూస్తూ కాఫీలో పంచదార వేయడం మరిచిపోయాను.

మా బావగారి సంగతీ చెప్పాలి. ఆయన భార్య మాట వినకుండా షాపులో నల్ల రంగు పొడి కొనుక్కొచ్చి, తలకూ మీసానికీ దట్టంగా పట్టించారు. మంచి ఎండల్లో లారీకి కాయలెత్తిస్తుంటే చెమటకి ఆ నలుపంతా కారి, తెల్ల చొక్కా కాలరు మీదికి దిగింది. హమాలీలు నవ్వలేక, నవ్వు ఆపుకోలేక నానా అవస్థ పడ్డారు. ఇంటికొచ్చిన మనిషిని చూసి అక్క అన్న మాట మా వీధిలో ఇప్పటికీ వాడుకలో ఉంది. "ముఖం ముదిరాక జుట్టొక్కటీ లేతగా ఉంటే ఎట్టా అండీ? మందేసి మగ్గబెట్టిన కాయలాగా ఉన్నారు. పైకి పండు, కొరికితే పులుపు." మామిడి వ్యాపారస్తుణ్ణి పట్టుకుని అంతకు మించిన తిట్టు తిట్టలేం. ఆ తర్వాత బావగారు బుద్ధిగా పీట మీద కూర్చున్నారు. అక్క ఆయన చెవుల పైన తెలుపు అలాగే ఉంచి, మిగతాది ముదురు టెంక రంగు చేసింది. ఆయనకు పెద్దమనిషి తరహా వచ్చింది.

ఇలా ఊళ్ళో అందరికీ వేసింది. విస్సన్నపేట వైపు నుంచి కాయ కోతకు వచ్చే ఆడవాళ్ళకు వేసింది. పాలావిడకు వేసింది. నాకు మాత్రం వేయలేదు. నాకు పాపిట దగ్గర తెల్ల వెంట్రుకలు మొదలయ్యాక, మాటల్లో మాటగా ఎన్నిసార్లు అడిగానో. నాకు జుట్టు మీద కంటే ఆ పీట మీద ఆశ. ఆమె నా గడ్డం పట్టుకుని ఎండవైపు తిప్పి, చెంప పక్కన ఆకు పెట్టి, "నీకిదీ" అంటే చాలు. "నీకిప్పుడే ఎందుకే?" అనేసి లేచిపోయేది.

ఒక ఏడు, మా చెల్లెలి పెళ్ళికి ముందు, పౌరుషం వచ్చి నేనే కలుపుకున్నాను. అక్క దాచిన ఎండు జీడి అడగడానికి మనసొప్పలేదు. ఇంట్లో ఆవకాయకు కాయలు కొడుతున్నారు, పక్కన పచ్చి జీడి గుట్టగా పడి ఉంది. జీడి జీడే కదా అని దోసిలితో తీసుకుని, సొన అయినా కడక్కుండా రుబ్బి తలకు పట్టించాను. కాసేపటికి నుదురంతా భగ్గుమంది. తెల్లారేసరికి పాపిట పొడవునా, చెవుల వెనకా పొక్కులు. మామిడికాయల ఇంటి కోడలు, సొన తగిలితే పొక్కుతుందని తెలియనిది! మా ఆయన నవ్వాపుకోలేక పెరట్లోకి పోయాడు.

అక్క నవ్వలేదు. వెన్న తెచ్చి పక్కన కూర్చుని, ఒక్కొక్క పొక్కు మీదా వేలి కొసతో రాసింది.

"నన్నడగొచ్చుగా?" అంది.

"అడిగితే వేస్తావా?"

"వెయ్యను."

"మరింకేం? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు" అన్నాను ఏడుపు గొంతుతో. ఆమె ఇంకాస్త వెన్న తీసుకుంది. ఆ పెళ్ళి ఫోటోలన్నిటిలోనూ నేను కొంగు నుదుటి దాకా లాక్కుని ఉంటాను. నా వెనకాల అక్క ఆ రాగి జుట్టేసుకుని నవ్వుతూ ఉంటుంది. ఆ ఆల్బమ్ నేను తెరవను.

రెండేళ్ళ కిందట చలికాలంలో ఆమె జబ్బు పడింది. లేచి కూర్చునే ఓపిక పోయింది, మూకుడు అటకెక్కింది. ఏడాది దాటేసరికి పైనంతా తెలుపు, కొసలు మాత్రం రాగి రంగు, రెండు రంగుల జుట్టయింది. అద్దం వద్దనేది. ఒకరోజు నేను జావ తీసుకెళ్తే, "ఎట్టా ఉన్నానే?" అని అడిగింది. నాకు జాలేసింది. ముఖమంతా నవ్వు చేసుకుని "బాగున్నావక్కా" అన్నాను.

ఆమె ముఖం గోడవైపు తిప్పేసుకుంది. "అయితే బాలేను" అంది.

"అదేంటి, బాగున్నావంటుంటే!"

"నువ్వు నవ్వి చెప్పావంటే బాలేనట్టేగా? అద్దంలో మన ముఖం మనకేం తెలుస్తదే? మనం చూడగానే సర్దుకుంటది. నా చెంపన నేనే ఆకు పెట్టుకుంటే నాకు ఆకే కనపడేది. అందుకని రంగేసుకుని నీ గుమ్మం ముందు నించి నడిచేదాన్ని. నీ మూతి ముడుచుకుందా, ఆ రంగు నాకు నప్పినట్టు. ముడుచుకోలేదా, మళ్ళీ తలంటుకునేదాన్ని. ఇన్నేళ్ళూ నీ మూతి చూసేగా నేను రంగేసుకుంది!"

జావ గిన్నె పక్కన పెట్టాను. అడగవలసింది అడిగాను. "మరి నాకెందుకు వెయ్యలేదక్కా?"

"నీకేం, ఏ ఆకు పెట్టినా బాగుంటది ఆ ముఖానికి. నీక్కూడా వేస్తే ఇంక నన్నెవరు చూస్తారే?" అంది. చెబుతూ సిగ్గుపడింది కూడా. ఆ పూట జావ మొత్తం తాగింది.

ఏమని చెప్పను? ఇన్నేళ్ళుగా నేనొక్కదాన్నే కుళ్ళుకుంటున్నానని అనుకున్నాను. గోడకు అటువైపు కూడా అదే పని జరుగుతోందని తెలిసి, ఆ రోజంతా నాకు కాలు నేల మీద నిలవలేదు.

ఆ మర్నాటి నుంచి ఆమె తల మీద కొంగు తీయలేదు. రాగి కొసలు కూతురి చేత కత్తిరించేసుకుంది. తలంటు కూడా కూతురే, తలుపు వేసుకుని. నన్ను రానిచ్చేది కాదు. ఆమెకు ధైర్యం చెప్పాలని నేనొకసారి గుమ్మంలో నిలబడి కావాలనే మూతి ముడిచాను. కొంగు సందు నుంచి చూసి, "దొంగ మూతి. పో అవతలకి" అంది. ఈ విషయంలో ఆమెను మోసం చేయడం నా వల్ల అయ్యే పని కాదు. తెలుపులో తనెలా ఉందో తెలియకుండానే ఆమె రోజులు గడిచిపోయాయి. చెప్పగలిగిన దాన్ని నేనొక్కదాన్నే. నన్నేమో చూడనిచ్చేది కాదు.

శుక్రవారం నాడు స్నానం చేయించి, ముఖానికి పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టారు. తల దువ్వబోయి కూతురు దువ్వెనతో సహా కూలబడిపోయింది. "తోడికోడలివి, నువ్వు దువ్వమ్మా" అన్నారు ఎవరో. కొంగు తీశాను.

భుజాల దాకా తెల్లటి జుట్టు. ఒక్క నల్ల వెంట్రుక లేదు, ఒక్క ఎర్రది లేదు. పెరట్లో చెట్టు వానలకు కొత్త చిగురు వేసి ఉంది. కిటికీలోంచి పడుతున్న వెలుతురులో ఆ నల్లటి ముఖం పక్కన ఆ తెలుపు ఎంత బాగుందంటే, దువ్వెన పట్టుకున్న నా చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళు వేసుకున్న ఏ రంగూ ఆమెకింత నప్పలేదు. నాకే ఇలా పూర్తిగా నెరిస్తే, ఈ పచ్చటి ముఖం పక్కన అదంతా వెలిసిపోయి, పిండిబొమ్మలా ఉంటాను. ఆమె మాత్రం మహారాణిలా ఉంది. ఇదేం న్యాయమని కడుపు మండింది. కనకాంబరాల దండ తెచ్చిస్తే తల్లో పెట్టాను. ఇంకా బాగుంది.

నాకు తెలియకుండానే నా మూతి ముడుచుకుంది. ఏడుపు ఆపుకుంటున్నాననుకుని పక్కావిడ నా వీపు నిమిరింది. నేను కళ్ళు మూసుకుని ఉన్న అక్క ముఖం మీదికి వంగాను.

"ఇదుగో, చూసుకో అక్కా" అన్నాను.