పడటం నేర్చిన ఏనుగు

ఆ రోజుల్లో సౌదీకి వచ్చిన మనవాళ్ళందరూ ఏదో ఒక విద్య నేర్చుకునేవారు. ఒకడు ట్రైలర్ నడపడం, ఒకడు కబ్సా అన్నం వండటం, ఏమీ పట్టుబడనివాడు కనీసం అరబ్బీలో తిట్టడం. నేను కింద పడటం నేర్చుకున్నాను. నవ్వకండి. నేర్చుకోకపోయినా నేను పడే మనిషినే, మా ఊళ్ళో గట్ల మీద, మెట్ల మీద ఎన్నోసార్లు పడ్డాను. కాని పడితే చప్పట్లు కొట్టే చోటు దొరకడం అందరికీ రాసిపెట్టి ఉండదు కదా!

నేను జెద్దాకు వచ్చింది ఏసీ మెకానిక్కుగా. వీసా తెప్పించింది మా మేనమామ. ఆయన అక్కడి పాత బజారులో బట్టల అంగడి నడిపేవాడు. ఆయనకు ఒక్కతే కూతురు, అదే ఊళ్ళో ఆస్పత్రిలో నర్సు. ఆ పిల్లను నాకిచ్చి చేయాలని మా అమ్మా ఆయనా మేము చిన్నగా ఉన్నప్పుడే అనుకున్నారు. (అప్పుడు నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే వెంటనే ఒప్పుకునేవాణ్ణి. ఆ పిల్లను అడిగి ఉంటే ఏమనేదో తెలుసుకునే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.) నా ఒళ్ళు చిన్నప్పటినుంచీ భారీ. ఏసీ బయటి పెట్టెను ఇద్దరు ముగ్గురు కలిసి మెట్లెక్కిస్తుంటే నేను భుజాన వేసుకుని ఒక్కణ్ణే ఎక్కేసేవాణ్ణి. అలా ఎక్కుతుండగా మా కఫీల్ (వీసాకు పూచీపడే సౌదీ యజమాని) మేనల్లుడు చూశాడు. చూసి, "యా సలామ్!" అని దండం పెట్టినంత పని చేశాడు. నా కుస్తీ జీవితం అలా ఆ మెట్ల మీద మొదలయింది.

ఆ మేనల్లుడు వారమంతా బడిలో డ్రిల్లు మాస్టరు, సెలవు రోజున మల్లుడు. ఊరి చివర ఒక ఇస్తిరాహాను (కుటుంబాలు సెలవుకు వచ్చి మాంసం కాల్చుకునే తోట ఇల్లు) అద్దెకు తీసుకుని, గడ్డి మీద రింగు వేసి, తనలాంటి పిచ్చివాళ్ళతో టీవీలో చూపించే రకం కుస్తీ పోటీలు నడిపేవాడు. రింగులో ఆయన పేరు డేగ. బయట చూస్తే చీమను తొక్కినా "మాలేష్" అని క్షమాపణ చెప్పుకునే రకం. వాళ్ళకు కుస్తీ నేర్పేవాడు ఈజిప్టు నుంచి వచ్చిన ఒక ముసలి మల్లుడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. ఆయన ముక్కు ఎన్నిసార్లు విరిగిందో ముక్కుకే గుర్తుండి ఉండదు.

నేను వెళ్ళిన మొదటి రోజే కండలు బిగించి నిలబడితే ఉస్తాద్ వాటివైపు కన్నెత్తి చూడలేదు. "పడు" అన్నాడు. పడ్డాను. "అలా కాదు. బియ్యం మూటలా పడ్డావు. గడ్డం రొమ్ముకు ఆనించు, చేతులు బారచాపి నేలను చరువు, ఊపిరి వదిలెయ్. గెలవడానికేముంది, నిలబడి చేతులెత్తితే చాలు. పడటంలో ఉంది విద్యంతా." అలా నన్ను పడేసి పడేసి, చివరికి ఒక రహస్యం చెప్పాడు. ఈ పోటీల్లో ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ముందే అనుకుంటారట. దెబ్బ తగిలినట్టు ఉండాలి కాని తగలకూడదట. "ఈ మాట బయట ఎవరికైనా చెప్పావో, నువ్వు నా శిష్యుడివి కావు. మీ అమ్మకు కూడా చెప్పకూడదు" అన్నాడు. మా అమ్మ నేను ఏసీలు బాగుచేస్తున్నాననే అనుకుంటోంది కాబట్టి ఆ షరతు నాకు కష్టమనిపించలేదు.

నాకు 'హింద్ ఏనుగు' అని పేరు పెట్టారు. అద్దాలు కుట్టిన దుప్పటి ఒకటి భుజాన కప్పారు. రింగు కింద చెక్కలుండటం వల్ల నేను పడితే ఆ చప్పుడు ప్రహరీ అవతల ఆగిన కార్లకు కూడా వినిపించేది. జనం ఆ చప్పుడుకే మళ్ళీ మళ్ళీ వచ్చేవారు. డేగ నన్ను ప్రతివారం ఎత్తి పడేసేవాడు. (ఎత్తేది నేనే. ఆయన చేతులు ఆనించేవాడు, నేను ఎగిరేవాణ్ణి. ఆ తర్వాత ఆయన రహస్యంగా "నడుం బాగుందా ఏనుగా?" అని అడిగేవాడు.) నా కీర్తి అలా పడుతూ లేస్తూ ఉండగా, ఎవరో తీసిన వీడియో పాత బజారుకు చేరింది. మామ నన్ను అంగడికి పిలిపించాడు.

"రేయ్ అల్లుడా, ఇది నువ్వేనా?" అని ఫోను నా ముఖం మీద పెట్టాడు.

"నేనే మామా."

"నీలో సగం గూడ లేడే వాడు! వాని చేతిలో ఓడిపోతాండావా?"

"పోటీ అన్నాక ఎవరో ఒకరు ఓడాల గదా మామా."

"ఎవరో ఒకరు ఓడాల, సరే. ప్రతిసారీ నువ్వేనా?" మామ ఒక బట్ట మడత సర్ది పక్కన పెట్టాడు. "ఒగటి చెప్పు. నిజంగానే ఓడిపోతాండావా, ఓడిపోయినట్టు నాటకమాడతాండావా? నిజంగానే అయితే ఇంత ఒళ్ళు పెట్టుకోని బలం లేనోనికి నా కూతుర్నియ్యను. నాటకమైతే జనాన్ని మోసం చేసేవోనికి అసలే ఇయ్యను. ఆలోచించుకోని చెప్పు."

ఇప్పుడు మీరే చెప్పండి, దీనికేం జవాబు ఉంది? నిజం చెబితే ఉస్తాద్ పోతాడు, పిల్లా పోతుంది. అబద్ధం చెబితే ఉస్తాద్ మిగులుతాడు, పిల్ల పోతుంది. నేను తల వంచుకుని, "ఈసారి గెలుస్తా మామా" అన్నాను. తీరా ఆ గెలుపు రాకముందే మా మొదటి కుస్తీ కంపెనీ మూతపడింది. రింగు డేగ పినతండ్రి కొడుకుది, లైట్లు ఇంకొక పినతండ్రి కొడుకువి. ఇద్దరికీ ఒక పెళ్ళిలో మాటా మాటా వచ్చి, ఒకాయన రింగు తీసుకుపోయాడు, ఒకాయన లైట్లు తీసుకుపోయాడు. డేగకు బడి మిగిలింది.

ఉస్తాద్ నన్ను వెంటబెట్టుకుని ధహ్రాన్ వైపు వెళ్ళాడు. అక్కడ ఒక జిమ్ము యజమాని రెండో కంపెనీ పెట్టాడు. ఆయనే నా కఫాలా (వీసా పూచీ) తన పేరుకు మార్పించుకుని, పగలు జిమ్ములో ఏసీలు చూసుకునే పని, సెలవు రోజున ఓడిపోయే పని ఇచ్చాడు. అక్కడి ప్రేక్షకులు చమురు కంపెనీల్లోని పెద్ద పెద్ద ఇంజనీర్లు, వాళ్ళ కుటుంబాలు. అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఏనుగు తెలుగు ఏనుగని వాళ్ళకు ఎలా తెలిసిందంటే, ఒకసారి పడేటప్పుడు చెయ్యి బెణికి "అమ్మా, సచ్చినా!" అన్నాను. అంతే, మరుసటి వారం వాళ్ళ సంఘం సెక్రటరీ గారు ఇద్దరిని వెంటబెట్టుకుని జిమ్ముకు వచ్చారు.

"మీరు ఇలా ప్రతివారం ఓడిపోతూ ఉంటే మన కమ్యూనిటీకి ఇమేజ్ ప్రాబ్లమ్ అవుతోందండీ" అన్నారాయన, ఎంతో మర్యాదగా. "మొన్న ఆఫీసులో మా మేనేజరు 'ఆ పడేవాడు మీ వాడేనటగా' అన్నాడు. ఎంబరాసింగ్‌గా ఉందండీ. ఒక్కటి గెలవండి, చాలు."

వెనకున్నాయన, "అసలీయన ఏ జిల్లా?" అన్నాడు. కడప అని తెలిశాక ఆయన ముఖం కొంచెం తేలికపడింది. తన జిల్లా కాదట.

ఉస్తాద్‌కు గెలుపోటముల పట్టింపు లేదు. నవ్వి, "సరే, వచ్చే వారం నువ్వే" అన్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. ప్రత్యర్థి పెషావర్ నుంచి వచ్చిన క్రేను ఆపరేటరు ఖాన్ భాయి. కొండంత మనిషి, కాని అన్నాళ్ళూ గెలిచే వేషాలే వేసి ఉండటం వల్ల పడటం రాదు. నేను గాల్లో చెయ్యి విసిరాను. ఆయన ఒకసారి కిందికి చూసుకున్నాడు, మోకాలి మీద చెయ్యి ఆనించి జాగ్రత్తగా కూర్చున్నాడు, తర్వాత దిండు కోసం వెతుక్కుంటున్నవాడిలా మెల్లగా వెనక్కి ఒరిగాడు. నేను గెలిచాను. గెలిచినవాడు చేతులు ఎంతసేపు ఎత్తి ఉంచాలో ఉస్తాద్ చెప్పలేదు. ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాను. సెక్రటరీ గారు రింగులోకి వచ్చి శాలువా కప్పారు. (ఆ శాలువా నా భుజాలకు చాలలేదు. ఒక భుజానికే కప్పి ఫొటో తీయించుకున్నారు.)

అయినా గెలుపు గెలుపే కదా అని ఆ వీడియో మామకు పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేశాడు. "చూసినా. నువ్వు చెయ్యి ఎత్తినాక ఆ మనిషి ముందు కూసున్యాడు, తరవాత పండుకున్యాడు. నిద్దరొచ్చిందా వానికి? ఇది ముమ్మాటికీ మోసమే. మోసమని తేలిపాయ. పిల్లను మరిసిపో."

ఓడితే చేతగానివాణ్ణి, గెలిస్తే మోసగాణ్ణి. ఆ రాత్రి మామ కూతురికి ఫోన్ చేసి, నా కష్టం ఎలా చెప్పాలో తెలియక అటూ ఇటూ నములుతుంటే, ఆ పిల్లే అంది: "బావా, నేను ఎమర్జెన్సీ వార్డులో పని చేస్తా. దెబ్బలు తిన్నోళ్ళు ఎట్లుంటారో రోజూ చూస్తాండా. నువ్వు వీడియోలో పడేటప్పుడు ముందే గడ్డం దాచుకుంటావు. నాకు తెలీదనుకుంటివా?" "నేను చెప్పలేదు సుమా" అన్నాను, ఉస్తాద్ ఎక్కడో వింటున్నట్టు. "నువ్వు చెప్పలేదులే. మా నాయనకు కూడా చెప్పొద్దు. ఆయన్ను నేను చూసుకుంటా" అని నవ్వింది. ఎలా చూసుకుంటుందో మాత్రం చెప్పలేదు. (తర్వాత తెలిసింది, ఆ పిల్లకూ ఏ ఉపాయమూ తోచలేదట.)

జిమ్ము యజమానికి మా మీద మోజు తీరి, ఆ హాలును పిల్లల ఈత కొలనుగా మార్చేశాడు. రెండో కంపెనీ అలా నీళ్ళలో కలిసింది. సరిగ్గా అప్పుడే డేగ నుంచి కబురు వచ్చింది. ఉనైజాలో ఖర్జూరాల సీజను, ఊరంతా జనం, అక్కడి వ్యాపారులు కొందరు కలిసి మూడో కంపెనీ పెడుతున్నారు, ఉస్తాద్‌నూ ఏనుగునూ రమ్మన్నారని. వెళ్ళాం. ఉస్తాద్ ఈసారి రిఫరీ. ఆట మామూలే. డేగ గెలవాలి, నేను పడాలి.

మామ ప్రతి సీజనులో ఖర్జూరాలు కొని ఇంటికి పంపడానికి ఉనైజా వస్తాడన్న సంగతి నాకు తట్టలేదు. దుప్పటి కప్పుకుని రింగులోకి అడుగుపెట్టి చూస్తే, ముందు వరుసలో మామ. ఒళ్ళో ఖర్జూరాల అట్టపెట్టె. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. పిల్లను మరిచిపొమ్మన్నాక ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. మరి ఎందుకు వచ్చాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆ కంగారులో రోజూ కన్నా బాగా పడ్డాను. డేగ నన్ను ఒకసారి పడేశాడు, రెండోసారి తాళ్ళ మీదికి విసిరాడు, మూడోసారి మడత కుర్చీ తెచ్చి వీపు మీద వాయించాడు. (చప్పుడే, దెబ్బ లేదు. ఆయన చెయ్యి అంత మెత్తన.) నేను ముందు వరుస వైపు బోర్లా పడి, నేర్చుకున్న విద్యంతా చూపిస్తూ మూలిగాను. డేగ మళ్ళీ కుర్చీ ఎత్తాడు.

"రేయ్! పడిపోయినోన్ని కొడతావురా!"

ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. తల ఎత్తేసరికి మామ చెప్పులు విడిచి, లుంగీ ఎగగట్టి, తాళ్ళ సందులోంచి దూరి లోపలికి వచ్చేశాడు. తన తోబుట్టువు కన్న కొడుకును పరాయి దేశంలో చంపేస్తున్నారని అరుస్తూ, రెండు చేతులతో అట్టపెట్టె ఎత్తి డేగ వీపు మీద దబీమని కొట్టాడు. పెట్టె పగిలి ఖర్జూరాలు రింగంతా చిందాయి. డేగ తిరిగి చూశాడు. ఎదురుగా నా భుజం వరకు కూడా రాని ముసలాయన, రెండో దెబ్బకు ఖాళీ అట్ట పట్టుకుని నిలబడ్డాడు. డేగ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. కళ్ళు తేలేశాడు. చేతులు బారచాపి, గడ్డం రొమ్ముకు ఆనించి, ఉస్తాద్ మురిసిపోయేలా వెల్లకిలా పడిపోయాడు.

జనం లేచి నిలబడ్డారు. అంత కేక ఆ మూడు కంపెనీల్లోనూ నేను వినలేదు. ఉస్తాద్‌కు బుర్ర చురుకు. నన్ను కాలు పట్టి లాగి డేగ మీద పడేసి, నేలను చరుస్తూ మూడు లెక్కపెట్టాడు. నేను డేగ చెవిలో "మాలేష్" అన్నాను. "తర్వాత చెప్పు, ముందు లే. ఊపిరాడటం లేదు" అన్నాడాయన.

ఆట ముగిశాక మామ చాయ్ తాగుతూ, వచ్చినవాళ్ళందరికీ చెయ్యి చూపిస్తున్నాడు. "నాటకం అనుకుంటి నేను ఇన్నాళ్ళూ. నా చేత్తో నేనే కొట్టినా. ఒగ దెబ్బకు పడె! నిజంగా పడినోడు ఎవడో, అబద్దంగా పడినోడు ఎవడో నాకు తెలీదా?" ఆ మాటతో నేను మోసగాణ్ణి కాకుండా పోయాను. ఇక చేతగానితనం మిగిలింది. దాన్ని కూడా ఆయనే తేల్చాడు. "వీడు పాపం మెత్తనోడు. వీనికి ఒళ్ళుంది గానీ కొట్టే మనసు లేదు. ఇట్లాంటోనికి ఇంట్లో ఒగ నర్సు ఉండాల. మా పిల్లనే ఇస్తా."

నేను డేగ దగ్గరికి వెళ్ళి, ఎందుకు పడ్డావని అడిగాను. ఆయన గడ్డంలో ఇరుక్కున్న ఖర్జూరం ముక్క తీసుకుంటూ, "నేను నిలబడి ఉంటే పెద్దాయన నలుగురిలో చిన్నబోయేవాడు కదా, ఏనుగా" అన్నాడు. అంత మంచిమాట చెప్పి, తర్వాత ఆ ముక్కను నోట్లో వేసుకున్నాడు.

వ్యాపారులు మర్నాడే వచ్చి మామను ఇంకొక ఆట ఆడమని బతిమాలారు. ఆయన, "వద్దప్పా, మళ్ళా ఎవరికైనా దెబ్బ బలంగా తగిలితే పాపం" అని ఒప్పుకోలేదు. మా కుటుంబంలో ఒక్క ఓటమి కూడా లేకుండా కుస్తీ మానుకున్నది ఆయన ఒక్కడే. నేను ఆ సీజను ముగిసేదాకా పడి, తర్వాత జెద్దాకు వచ్చి, పెళ్ళి చేసుకుని, మళ్ళీ ఏసీలలో పడ్డాను.

మొన్నామధ్య మా ఆవిడ ఫోనులో ఏదో వెతుకుతూ పాత వీడియో ఒకటి బయటికి తీసింది. మొదటి కంపెనీ నాటిది. అద్దాల దుప్పటి కప్పుకున్న ఒక కుర్రాడు గాల్లోకి ఎగిరి, ఢామ్మని పడి, ఆకాశం వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేను ఇంకోసారి పెట్టమన్నాను. ఓడిపోయినవాడి ముఖంలో ఎంత సుఖం! ఇప్పుడు నేను నేల మీద కూర్చోవాలంటే గోడ పట్టుకోవాలి, లేవాలంటే ఆవిడ చెయ్యి పట్టుకోవాలి. "ఇట్లా పడతావా మళ్ళా?" అని ఏడిపించింది. పడగలనేమో గాని, అంత ప్రశాంతంగా పడుకోగలనా అని నాకే అనుమానం వచ్చింది. అందుకే వీడియో ఆగిపోయిన చోట ఇంకా వెల్లకిలా పడుకునే ఉన్న ఆ కుర్రాణ్ణి కాసేపు చూస్తూ కూర్చున్నాను. లేపాలనిపించలేదు.