ఎదురుకుర్చీ అడిగిన ప్రశ్న

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఇన్నేళ్ళుగా నాకు నిద్ర లేకుండా చేసింది డెడ్‌లైన్ ఒక్కటే. పేరులో చావు ఉన్నా, దాన్ని పెట్టేది బతికున్నవాళ్ళే. ఇది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను, ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోను.

మా కంపెనీ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక అద్దె ఇంట్లో నడుస్తోంది. కొత్త డెవలపర్లను ఎంచే బాధ్యత నాది. దయ్యాలను నమ్మనట్టే రెజ్యూమెల్లో రాసే గొప్పలనూ నమ్మను. రెండింటి గురించీ చెప్పేవాళ్ళే గాని కళ్ళారా చూసినవాళ్ళు లేరు. అందుకే వచ్చినవాళ్ళకు ఒక చిన్న పని ఇచ్చి, చేసి చూపించమంటాను.

పని ఇది. ఒక అపార్ట్‌మెంటుకు నీళ్ళ ట్యాంకర్లు బుక్ చేసే ప్రోగ్రాం ఉంటుంది. అందులో ఎక్కడో తప్పు ఉండి, రావలసిన ట్యాంకరు రాదు, రద్దయిన ట్యాంకరు వచ్చినట్టు చూపిస్తుంది. ఆ తప్పు పట్టుకుని సరిచేయాలి. ఈ ఊళ్ళో ఎండాకాలం గడిపిన ఎవరికైనా ఆ బాధ విడిగా వివరించనక్కర్లేదు.

మొదట్లో నేను ఎదురుకుర్చీలో కూర్చుని చూసేవాణ్ణి. నా మొహం చూస్తే మంచి ప్రోగ్రామర్లు కూడా తడబడేవాళ్ళు. ఇంట్లో అడిగితే, మొహం అలాంటిదే, వాళ్ళ తప్పేం లేదన్నారు. దాంతో నేను బయటికి వచ్చేసి, నా బదులు ఒక చన్నపట్న కొయ్యబొమ్మను బల్లమీద పెట్టాను.

మా వృత్తిలో ఒక అలవాటుంది. కోడ్‌లో తప్పు దొరక్కపోతే ఒక రబ్బరు బాతును ఎదురుగా పెట్టుకుని, ఏం రాశామో దానికి మొదటినుంచీ వివరిస్తాం. చెబుతూ ఉండగానే తప్పు మనకే కనబడుతుంది. మా బొమ్మ చేసేది ఆ బాతు ఉద్యోగమే. అభ్యర్థి తలుపు వేసుకుని, ఆలోచిస్తున్నదంతా బొమ్మకు పైకి చెబుతూ పని చేయాలి. గొంతూ వీడియో కూడా రికార్డవుతాయని ముందే చెబుతాం. ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ లేదు. ఫోను రిసెప్షన్‌లో ఇచ్చి వెళ్ళాలి. గదికి ఒకటే తలుపు, అది రిసెప్షన్ ఎదురుగానే ఉంటుంది.

రేణుకది ఊరి శివార్లలోని ఆనేకల్. తెలుగు మాట్లాడే, మగ్గాలున్న ఇల్లు. పాప పుట్టాక ఉద్యోగం మానేసి, మళ్ళీ వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఎక్కడికి వెళ్ళినా పక్కన ఒకరు కూర్చుని స్క్రీన్‌లోకి తొంగి చూస్తుంటే వేళ్ళు కదలవట. తెలిసింది కూడా మరిచిపోతుందట. గదిలోకి వెళ్ళే ముందు నాతో అంది.

"ఇదే ఆఖరు సార్. ఇది కాకుంటే మా చిన్నాయన పట్టు అంగడిలో కూర్చుంటా. ఇంక దీని జోలికి పోను."

లోపల మనుషులెవరూ ఉండరని ధైర్యం చెప్పి పంపాను.

గడువుకు ముందే బయటికి వచ్చింది. మొహంలో బెదురు లేదు. ఫోను తీసుకుంటూ, "లోపలుండే మేడం శానా బాగా అడిగిరి సార్. థ్యాంక్స్ చెప్పినానని చెప్పండి" అంది.

బొమ్మ గురించి హాస్యమాడుతోందనుకున్నాను. తప్పకుండా చెబుతాను, కాకపోతే ఆవిడ కాస్త కొయ్యమనిషి, బయటపడదు అన్నాను. రేణుక మర్యాదకు నవ్వింది. నా హాస్యానికి చాలామంది అలాగే నవ్వుతారు గనక పట్టించుకోలేదు.

ఆమె కోడ్ చూశాక కూర్చున్నచోటే ఉండిపోయాను. అందరూ బుక్ చేసినవాళ్ళ జాబితా దగ్గర మొదలుపెట్టి అక్కడే తిరుగుతారు. ఆమె దాన్ని తిరగేసింది. గేటు దగ్గరికి ఏ బండి వచ్చింది అన్నచోట మొదలుపెట్టి వెనక్కి వచ్చింది. తప్పు దొరికింది, దాని వెనక దాక్కున్న ఇంకో తప్పూ దొరికింది. రెండోది ఉన్నట్టు, ఆ ప్రోగ్రాం తయారుచేసిన నాకే తెలియదు.

అదే వంశీకి అనుమానం తెప్పించింది. వంశీ మా డైరెక్టరు, హైదరాబాదువాడు. వయసులో నాకంటే చిన్న, పదవిలో పెద్ద. నన్ను మాస్టారూ అని పిలుస్తాడు. అందులో గౌరవం ఎంత, ఎగతాళి ఎంత అని వేరుచేసే ప్రోగ్రాం నేనింకా రాయలేదు. ఇంత గ్యాప్ వచ్చిన మనిషి ఇంత బాగా ఎలా రాసిందని రికార్డింగ్ పెట్టించాడు. ఇద్దరం విన్నాం.

రేణుక గొంతు వివరిస్తూ పోతోంది. ఉన్నట్టుండి ఆగింది. ఎవరో మాట్లాడితే మనం ఆగుతామే, అంతసేపు ఆగింది. తరవాత అంది: "ఎవురికోసరమా? గేటుకాడ నిలబడుండే వాచ్‌మన్‌కి మేడం."

మళ్ళీ నిశ్శబ్దం. "అవును. ఆయప్ప బుకింగ్ చూడడు. వచ్చిండే బండిని చూస్తాడు."

ఇంకో నిశ్శబ్దం. "అట్లయితే నేను తిరగేసి రాయల్ల."

వీడియోలో ఆమె ఒక్కతే ఉంది. జుట్టు వెనక్కి కట్టుకుంది, రెండు చెవులూ కనబడుతున్నాయి. మాట్లాడేటప్పుడు బొమ్మకేసి చూడటం లేదు. బొమ్మకు పైన, ఎదురుకుర్చీలో మనిషి మొహం ఉండే ఎత్తుకు చూస్తోంది.

"ఇయర్‌పీస్ ఉంది మాస్టారూ. ఈ మధ్య కనబడనివి వస్తున్నయ్. క్లియర్‌గా ప్రాక్సీ, ఎవరో బయటినుంచి చెప్తున్నరు, రిజెక్ట్ కొట్టేయ్" అన్నాడు వంశీ. బొమ్మలో మైకు ఉందేమోనని దాన్ని కోయించాడు కూడా. లోపల కొయ్యే ఉంది.

నాకు ఎక్కడలేని మొండితనం వచ్చింది. సరే, ఇయర్‌పీస్ ఉందనే అనుకుందాం అన్నాను. అందులోంచి ఎవరైనా జవాబు చెప్పారా? రికార్డింగ్ ఎన్నిసార్లు విన్నా అటునుంచి వచ్చినవి ప్రశ్నలే, జవాబులన్నీ ఆమెవే.

"ప్రశ్నలడగడం మోసమైతే, మనిద్దరికీ జీతం ఇస్తున్నది దేనికి?"

"మాస్టారూ, ఎమోషనల్ అవ్వకు."

"అవుతాను. ఆ అమ్మాయికి ఇది ఆఖరు పరీక్ష. చెవిలో కనబడనిదాన్ని చూపించి తీసేస్తానంటే, నన్నూ తీసెయ్యి."

వంశీ ఒక్కరోజు గడువిచ్చాడు.

ఆ రోజంతా కూర్చుని పాత అభ్యర్థుల రికార్డింగులు విన్నాను. నిజం చెప్పాలంటే వాటిని అంతవరకు ఎవరం వినలేదు. అందరినీ పైకి మాట్లాడమంటాం, మాటలన్నీ జాగ్రత్తగా దాస్తాం, కోడ్ మాత్రం చూసి మార్కులు వేస్తాం. మా పని తీరే అంత.

మూడో రికార్డింగులో ఒక కుర్రాడు మధ్యలో ఆగి కన్నడంలో, "యారిగా?" అన్నాడు. ఎవరికా, అని. రాస్తున్న ప్రోగ్రాం ఎవరికోసమని ఎవరో అడిగినట్టు. తరవాత దాంట్లో ఇంకొకరు హిందీలో అదే మాట. ఇంకో అమ్మాయి ఇంగ్లీషులో. ఎవరి భాషలో వాళ్ళు వివరిస్తున్నారో ఆ భాషలోనే ఆ మాట వచ్చింది. అందరూ అనలేదు, కాని చాలామంది అన్నారు. ప్రశ్న అడిగిన గొంతు ఒక్కదాంట్లోనూ లేదు, ఆగిన ఖాళీ మాత్రం ఉంది. కొందరు ఆలోచించి జవాబు చెప్పారు. కొందరు విసుక్కుని ముందుకు పోయారు. ఒకతను వినయంగా, "మీకోసమే మేడం" అన్నాడు. అతను ఫెయిలయ్యాడు. జవాబు చెప్పినవాళ్ళంతా నెగ్గారని రాస్తే కథ అందంగా ఉంటుంది గాని, అలా లేదు. ఎక్కువమంది నెగ్గారు, అంతే.

మర్నాడు వంశీకి ఒక రికార్డింగు వినిపించాను. అది ప్రణవ్‌ది. వంశీ స్వయంగా మెచ్చి తెచ్చుకున్న మనిషి, ఇప్పుడు మా టీమ్‌లో అందరికంటే చురుకైనవాడు. అతని గొంతు కూడా ఆగింది. ఎవరికి అని తిరిగి అడిగింది. కాసేపాగి, "ఓకే, ఫెయిర్ పాయింట్" అంది.

వంశీ హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టాడు.

"చెప్పు వంశీ. మోసమంటే అందరిదీ మోసమే. ప్రణవ్‌ని కూడా పంపించేద్దామా?"

ఆ సాయంత్రమే రేణుకకు ఆఫర్ వెళ్ళింది.

తరవాత వంశీ హోమం చేయిద్దామన్నాడు. గది మారుద్దామన్నాడు. పరీక్షే ఎత్తేసి మళ్ళీ రెజ్యూమెలు చూద్దామన్నాడు. మూడింటికీ కుదరదన్నాను. ఇంటి ఓనరును కదిపితే, కట్టినప్పటినుంచీ ఆఫీసులకే ఇచ్చాననీ, ఒక్క సంసారం కూడా ఇక్కడ కాపురముండలేదనీ చెప్పాడు. చనిపోయినవాళ్ళెవరూ లేరు. నాకు తెలిసిన కారణాలన్నీ అక్కడితో అయిపోయాయి.

ఆవిడ ఎలా ఉంటుందని రేణుకను అడిగాను. వెనక కిటికీ ఉండాది, ఆ వెలుతురుకు మొహం సరిగా కనబడలేదంది. మాట మాత్రం వాళ్ళ ఊరివైపు మాటేనట. ఆ గదిలో నిజంగానే ఎవరూ లేరని అప్పుడు మళ్ళీ చెప్పాను. భయపడుతుందనుకున్నాను. భయపడలేదు.

"ఎవురైతేనేమి సార్. మిగతా చోట్ల అందురూ నన్ను చూస్తా ఉండిరి. ఆమె ఒకతే నన్ను అడిగె."

పోయిన వారం మధ్యాహ్నం, అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు, నేనే ఆ గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. ఎదురుగా ఖాళీ కుర్చీ. పరీక్షకు కొత్త ప్రశ్న తయారుచేస్తూ, పైకి వివరిస్తూ రాశాను. ఏ గొంతూ వినబడలేదు. వీధిలో ఆటోల హారన్లు తప్ప ఇంకేమీ లేదు. ఎక్కడా ఆగలేదని ఒట్టేసి చెప్పగలను. ఇన్నేళ్ళు పరీక్షలు పెట్టినవాణ్ణి, నన్ను పలకరించడానికి కూడా ఎవరికీ మనసు రాలేదే అని కాస్త చిన్నబోయాను.

తరవాత రికార్డింగ్ విన్నాను.

అందులో నా గొంతు మధ్యలో ఆగింది. అంతసేపే ఆగింది. ఆ తరవాత, నాకు ఏమాత్రం గుర్తులేని మాటలు, నా గొంతుతోనే వినబడ్డాయి: "ఎవరికోసమా? ఆగండి, చెప్తాను."

ఆ తరవాత మళ్ళీ కీబోర్డు చప్పుడే. ఎవరికోసమో నేను చెప్పలేదు.

ఇది ఏమిటో నాకు తెలియదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కాని ఆ పరీక్ష ఉంటుంది, ఆ గది ఉంటుంది. చెప్తానని మాటిచ్చాను గనక, చెప్పేదాకా ఆ కుర్చీని ఎవరినీ కదపనివ్వను.