నళిని తేనెటీగలకు పూసిన పూలు

నళినితో పెళ్లయి పదకొండేళ్లు. ఆమె మొండితనం నాకు తెలియనిది కాదు. అయినా ఈ పరాయిదేశంలో, షాంటిలీలోని మా ఇంటి వెనక తేనెటీగల పెట్టె పెడతానన్నప్పుడు, నాలుగు రోజుల ముచ్చటే కదా అని ఊరుకున్నాను. నా బుద్ధితక్కువ.

హాస్పిటల్ ల్యాబ్‌లో ఎనిమిది గంటలు నిలబడి వచ్చిన మనిషి, కోటైనా విప్పకుండా ముందు ఆ పెట్టె దగ్గరికే వెళ్లేది. నా కాఫీ దేవుడెరుగు! మొదటి ఏడు చలికాలం చివర్లో ఈగలన్నీ చచ్చిపోయాయి. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. మళ్లీ కొత్తవి తెప్పించింది. ఎనభై మూడు అక్టోబరులో మూడొందల క్రోకస్ పూల దుంపలు తెచ్చి, నా చేతికి పార ఇచ్చింది.

"ఫిబ్రవరిలో ఇక్కడ ఇంకే పూలూ ఉండవండీ. ఇవైతే మంచులోంచి కూడా లేస్తాయి."

"చక్కెర పాకం పెడితే పోలా?" నడుం పట్టుకుని అరిచాను.

"పాకంతో పెద్దవి బతుకుతాయి. పిల్లలకి పుప్పొడి కావాలి. పోయినసారి అది లేకే పోయాయి."

రెండు వీకెండ్‌లు గుంటలు తవ్వాను. తిట్టుకుంటూనే తవ్వాను.

ఫిబ్రవరి చివర శివరాత్రి వచ్చింది. నళిని పొద్దున్నే డ్యూటీకి వెళ్లింది. నేను లీవ్ పెట్టి, స్నానం చేసి, సజ్జ పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. ఊదా, పసుపు, తెలుపు! ఇన్నేళ్లూ షాపులో కొన్న రెండు కార్నేషన్లతో పూజ చేసుకున్నవాణ్ణి. పూజకు పూలు కొయ్యడంలో ఆలోచించేదేముంది? ఒక్కటీ వదలకుండా కోశాను. పూజగదిలో వెచ్చదనానికి అవన్నీ విచ్చుకుంటే, ఇన్నాళ్లకు నా నడుంనొప్పికి ఫలితం దక్కిందని మురిసిపోయాను.

రెండింటికి నళిని వచ్చింది. పెరడు చూసింది. లోపలికొచ్చి, శివుడి ముందున్న పూలన్నీ పళ్లెంలోకి ఎత్తసాగింది.

"దేవుడికి పెట్టినవి తీస్తావేమిటి, మతి పోయిందా?"

"ఆయనకి ఆకలి లేదండీ."

పళ్లెం తీసుకెళ్లి పెట్టె ముందు పెట్టి, పక్కనే కూర్చుంది. ఎండ బాగానే ఉంది. చాలాసేపటికి మూడు ఈగలు వచ్చి, కాళ్లకు పచ్చటి పొడి అంటించుకుని లోపలికి వెళ్లాయి. సాయంత్రానికి పూలు వడిలిపోయాయి.

మార్చి మూడో వారంలో పెట్టె ఖాళీ అయింది. నళిని నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.