అత్త చాపిన చేయి

మా అత్త పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. మగ్గం దగ్గర పనిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. అనంతపురం ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా ఉండి, ఆరో రోజు పొద్దున పోయింది. నేను ఏడో తరగతి వరకే చదివాను, రాసే అలవాటు లేదు. కానీ ఆ ఆరు రోజుల్లో చూసింది ఎవరికైనా చెప్పుకుంటే తప్ప నా మనసుకు తెరిపి దొరికేట్టు లేదు.

మాది ధర్మవరం దగ్గర నేత ఇల్లు. నా పుట్టింట్లో మా నాయన మాత్రం మగ్గం వదిలి గార్లదిన్నె వైపు చెనక్కాయల సేద్యానికి దిగినవాడు. అందుకే రెండేళ్ళ కిందట పెళ్ళై వచ్చినప్పుడు నాకు పట్టు పోగును పట్టుకోవడం కూడా రాదు. అత్త అచ్చులు అతికేది. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా కలిపి వేళ్ళతో మెలిపెట్టాలి. పట్టు జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకోవాలి. అట్లా వేల పోగులు.

ఆ పనిలో ఆమె తల తిప్పేది కాదు. ఏమన్నా కావాలంటే కుడి చేయి వెనక్కి చాపేది. వెనక కూర్చున్న నేనే తెలుసుకుని దాంట్లో పెట్టాలి. కొత్తలో ఒకసారి నీళ్ళ చెంబు పెడితే అది తిరిగొచ్చి నా ఒళ్ళో పడింది.

“ఇదా నేనడిగింది?”

“నువ్వేమీ అడగలేదు కదత్తా.”

“చేయి చాపితే అడిగినట్ల కాదామ్మే?”

మెల్లగా నాకే తెలిసింది. అరచేయి వెడల్పుగా ఉంటే నీళ్ళు. వేళ్ళు దగ్గరకు ఉంటే బూడిద డబ్బా. బొటనవేలు ఆడుతుంటే ఆకూవక్క. నలుగురిలో నాకు నోరు పెగలదు. పక్కింటామె ఒకరోజు, “ఏమక్కా, మీ కోడలు మూగదా?” అని నవ్వింది. అత్త పోగు మీద నుంచి చూపు తీయకుండానే, “మూగదైతే నీకేమి? మా ఇద్దరికీ జరుగుతాండాది పో” అంది. నన్ను మాట్లాడమని ఒక్కనాడూ బలవంతం చేయలేదు. అది ఎంత పెద్ద సాయమో అప్పుడు తెలియలేదు.

ఆసుపత్రిలో డాక్టరు సారు వచ్చినప్పుడల్లా ఆమె చెవి దగ్గర గట్టిగా, “అమ్మా, చేయి ఎత్తు. రెండు వేళ్ళు చూపించు” అనేవారు. ఆమె కదిలేది కాదు. చెప్పిన మాట వినడం లేదని కాగితంలో రాసుకున్నారు.

మా ఆయన అంత దుఃఖంలోనూ, “సార్, మా అమ్మ బాగున్నప్పుడే ఎవురి మాటా ఇనల్యా. ఇప్పుడు ఇంటాదా?” అన్నాడు. సారు కూడా నవ్వారు. నవ్వి, నొప్పి తెలుస్తుందేమో చూడటానికి ఆమె కనుబొమ్మ మీద బొటనవేలితో గట్టిగా నొక్కారు. నా ప్రాణం విలవిల్లాడింది. అప్పుడు అత్త కుడి చేయి పైకి లేచి, ఆయన వేలిని తోసేయబోయింది.

“బాధపడద్దమ్మా. నొప్పి యాడుందో తెలిసి చేయి ఆడికి పోయింది. మంచిదే” అంది నర్సమ్మ. ఆమె ఊరు కుందుర్పి. “మా గొంతు ఆమెకు కొత్త. నువ్వు పిలిచి చెప్పు.”

నేను చెప్పాను. వార్డులో అందరూ చూస్తున్నారు.

“గట్టిగా పిలువమ్మా! నీ పిలుపు నాకే ఇనపడల్యా.”

ఇంకోసారి చెప్పాను. అత్త కదలలేదు. ఆమెకు వినపడలేదా, నేనే వినపడేట్టు పిలవలేదా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నాలుగో రోజుకు చేయి పైదాకా రాలేదు. నొక్కితే మోచేయి మడిచి రొమ్ము మీదకు లాక్కుంది, అంతే. ఐదో రోజు గోరు మీద పెన్ను పెట్టి నొక్కినప్పుడు చేయి సాగి, బిర్రుగా చాపుకుంది. మా ఆయన బయటకు పరుగెత్తాడు. “అమ్మ చేయి చాపింది! అవును, చాపింది!” అని ఫోనులో అందరికీ చెబుతున్నాడు. నాకూ ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి.

నర్సమ్మ మాత్రం నవ్వలేదు. “మడిచేదాని కంటే ఇది ఇంకా కష్టమమ్మా. ఆమె చాపింది కాదు. మెదడులో దెబ్బ ఎక్కువైతే చేయి దానంతటదే చాపుకుంటాది.”

ఆ మాట సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన నా ముఖం చూసి, “నువ్వే కదా రోజూ ఎనక కూసోనుండేది. మా అమ్మ చాపేది అట్లనే కదా?” అని అడిగాడు. ఆ చేయి నేను నేర్చుకున్న ఏ తీరులోనూ లేదు. అరచేయి బయటికి తిరిగిపోయింది. నీళ్ళు కాదు, బూడిద కాదు. అయినా బయటకు పోయి ఒక తమలపాకు తెచ్చి ఆ వేళ్ళ సందున పెట్టాను. అది జారి దుప్పటి మీద పడింది. ఇది కాదే అని ఆమె విసిరికొట్టి ఉంటే ఎంత బాగుండేది. తెల్లారేసరికి అత్త పోయింది.

ఆమె ఏమన్నా అడిగిందా, నేను పెట్టలేకపోయానా? ఏమీ అడగలేదని నర్సమ్మ చెప్పింది. అది నిజమే అయి ఉంటుంది. అయినా పని మధ్యలో నా చూపు ఆమె కుడి చేయి ఉండే చోటికి పోతుంది.

మగ్గం మీద అచ్చు అతకడం సగంలో ఆగిపోయింది. నిన్న నేను ఆమె చోట కూర్చున్నాను. బూడిద డబ్బా మూత తీస్తే మధ్యలో ఆమె వేలు అద్దిన గుంత అట్లాగే ఉంది. నేను పక్కనుంచి కొంచెం తీసుకుని, నా మొదటి పోగు అతికాను.