బెండు మునిగిన మధ్యాహ్నం

బ్రహ్మం దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్. పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గాల ఇంట పుట్టి, పెళ్లయ్యాక నగరానికి వచ్చాడు. తెల్లటి పరుపు మీద కూర్చుని చీర విప్పాడంటే ఆయన మాటకు అడ్డూ ఆపూ ఉండేది కాదు. "గీ అంచు జర చూడున్రి అమ్మా, గీ రంగు మీకోసమే పుట్టింది" అంటుంటే, ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్లు కూడా చెప్పులు విడిచి కూర్చునేవారు.

ఆ గొంతు దసరా రద్దీలో బొంగురుపోయి మళ్లీ తేరుకోలేదు. దవాఖానలో పరీక్షించి లోపల చిన్న కంతి ఉందన్నారు. భయపడాల్సింది కాదని తేలింది, తీసేశారు. కొన్నాళ్లు మౌనంగా ఉండమన్నారు. ఆ కొన్నాళ్లూ గడిచిపోయాయి. ఇక మెల్లగా మాట్లాడవచ్చని డాక్టరమ్మ చెప్పినా బ్రహ్మం నోరు తెరవలేదు. తెరిస్తే ఏ గొంతు వస్తుందో, అసలు వస్తుందో రాదో! ఎల్బీనగర్‌లోని తమ ఫ్లాట్‌లో సైగలతోనే రోజులు గడిపాడు.

"ఉత్తగ నా పేరన్న పిలువున్రి" అని భార్య యాదమ్మ బతిమాలింది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

కింది ఫ్లాట్‌లో ఉండే వెంకట్రావుది అవనిగడ్డ వైపు. చాలాకాలం కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పి ఈ మధ్యే మానేశాడు. ఒక ఉదయం గాలపు కర్రలు చంకన పెట్టుకుని వచ్చి తలుపు తట్టాడు.

"బ్రహ్మంగారూ, సాగర్ దాకా చేపలకి వెళ్తున్నాను. వస్తారా? అక్కడ మాట్లాడితేనే తప్పు."

బ్రహ్మం ఇంకా తేల్చుకోకముందే యాదమ్మ వంటింట్లోంచి అంది: "తీస్కపోండి సారు. ఇంట్ల కూసుంటే పరేషానే."

ఇబ్రహీంపట్నం దాటి, పత్తి చేల మధ్యగా కారులో వెళ్లి, ఎండ ముదిరే వేళకు సాగర్ ఆనకట్ట దిగువన కృష్ణ ఒడ్డుకు చేరారు. అక్కడ నది కొండల నడుమ కదులుతోందా లేదా అన్నంత నెమ్మదిగా ఉంది. వెంకట్రావు గోధుమపిండి ముద్దను గాలానికి గుచ్చి, ఎర్రరంగు పూసిన జీలుగు బెండును నీళ్లలోకి వదిలాడు.

"ఇది వణికితే చిన్న చేపలు ముట్టుకుంటున్నట్టు. లాగకండి. పూర్తిగా మునిగితేనే లాగాలి" అని బ్రహ్మం చేతికి ఒక కర్ర ఇచ్చాడు. తన కర్రను రెండు రాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు. పులిహోర తిన్నాక, మొహం మీద తువ్వాలు వేసుకుని అక్కడే ఒరిగాడు.

బ్రహ్మం బెండును చూస్తూ కూర్చున్నాడు. అది నీటి మీద తలాడిస్తూ ఉంది. దాని చుట్టూ కొండ నీడ పరుచుకుంది. ఆ నీడ అంచు, అక్కడక్కడా ముడులు బిగించి చిటికీ కట్టిన నూలుకు రంగు వేసినప్పుడు ఒకదాంట్లోకి ఒకటి జారిన రంగుల్లా, తెగీ తెగకుండా ఉంది. చూడగా చూడగా నదే, మగ్గానికెక్కించే ముందు వీధి పొడవునా సాగదీసిన నిలువు పోగుల పడుగులా కనిపించింది. పొద్దున్నే నాయిన ఆ పడుగు వెంట నడుస్తూ, తెగిన పోగులు ముడివేస్తూ వెళ్లేవాడు. ఆ పనిలో ఉన్నంతసేపూ ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు నీళ్ల మీద ఆయన నడుస్తున్నట్టే అనిపించింది. తాను మేలుకుని ఉన్నాడో నిద్రపోతున్నాడో బ్రహ్మానికి తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

అంతలో వెంకట్రావు బెండు మాయమైంది. రాళ్ల మధ్య కర్ర ఒకవైపు ఒరిగి నీళ్లలోకి జారసాగింది.

"సారూ, లేవున్రి! బెండు మునిగింది!"

వెంకట్రావు దిగ్గున లేచి కర్ర పట్టుకున్నాడు గాని, చూపు మాత్రం బ్రహ్మం మీదే ఉంది. బ్రహ్మం తన గొంతు మీద చెయ్యి వేసుకున్నాడు. వచ్చింది పాత గొంతు కాదు. లోతుగా, కాస్త గరగరగా ఉంది. అచ్చం నాయిన గొంతు.

"ముందు చేపను చూడున్రి సారు" అన్నాడు మెల్లగా.

ఇద్దరూ కలిసి ఒడ్డుకు లాగారు. మోచేతి పొడవున్న రవ్వ చేప. దాన్ని బకెట్లో వేశాక వెంకట్రావు తన ఫోన్ చేతికిచ్చాడు. బ్రహ్మం ఇంటికి చేశాడు.

"యాదమ్మా."



"ఎవరు మాట్లాడేది?"

"నేనే. చింతపండు నానబెట్టు, చేప తెస్తున్న."

అవతలి నుంచి వెక్కిళ్లు వినిపించాయి. ఆమె ఏడుస్తోందని ఆయనకు అర్థమైంది. నీళ్ల వైపు చూస్తూ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాతి నెలలో బ్రహ్మం మళ్లీ దుకాణానికి వెళ్లాడు. పైఅంతస్తులో, రద్దీ తక్కువగా ఉండే పట్టుచీరల దగ్గర కూర్చోబెట్టమని యజమానిని అడిగాడు. ఇప్పుడు చీర విప్పి ఒక్క మాట చెప్పి ఊరుకుంటాడు. కొందరు చూసి లేచిపోతారు. కొందరు ఆ గరగర గొంతు వినబడక, "ఏమన్నారూ?" అంటూ ముందుకు వంగుతారు. వంగినవాళ్ల చేతికి ఆయన చీర కొంగు అందిస్తాడు.