ఇంటిల్లిపాదికీ ఒకే తువ్వాల

మాది ధర్మవరం. నా పేరు శ్రీరాములు. పట్టుచీరలు నేసి అమ్ముకునే ఇల్లు మాది. పొద్దున కూర్చుంటే అన్నానికి తప్ప మగ్గం ముందు నుంచి లేవడని వీధిలో నాకు పేరు. అలాంటి మనిషికి దేవుడు సెగగడ్డ ఎక్కడ లేపాలి? ఒంట్లో ఇంకెక్కడా చోటే లేనట్టు, సరిగ్గా నేను కూర్చునే చోట లేపాడు.

అది ఎండాకాలం మొదట్లో. కూర్చుంటే మంట, నిలబడితే పని సాగదు. చివరికి పాత సైకిల్ ట్యూబును చుట్టలా చుట్టి దాని మీద కూర్చుని నేశాను. చీరలు చూడడానికి వచ్చిన బెంగళూరు వాళ్ళు అది కూడా మగ్గంలో ఒక భాగమే అనుకుని ఫోటో తీసుకుపోయారు. నేనూ కాదనలేదు.

డాక్టరు దగ్గరికి పొమ్మని నా భార్య నీలావతి పోరింది. ఆ చోటు ఇంకొకరికి చూపించడమంటే నాకు ప్రాణం పోయినంత పని. మెడికల్ షాపుకు పోయి, గడ్డ ఎక్కడుందో చెప్పకుండా, గట్టి మాత్రలు ఇమ్మన్నాను. నొప్పి తగ్గగానే మానేసి, మిగిలినవి అలమరాలో దాచాను. ఇంట్లో ఎవరికైనా పనికొస్తాయని నా ముందుచూపు.

గడ్డ మళ్ళీ లేచింది. ఈసారి ఒంటరిగా రాలేదు. నీలావతికి మోచేతి దగ్గర ఒకటి, డిగ్రీ చదివే మా అమ్మాయి సుధకు మెడ వెనక ఒకటి.

"ఎండలకు వేడి చేసిండాది, అంతే," అని తీర్పు చెప్పి, దాచిన మాత్రలు ఇద్దరికీ పంచాను. సుధ "వద్దు నాయనా, వద్దు" అంటున్నా వినకుండా దాని గడ్డను నా చేత్తోనే నొక్కి చీము తీశాను. చెయ్యి భుజం మీది తువ్వాలకు తుడుచుకున్నాను. కాసేపటికి అదే తువ్వాలతో మొహమూ తుడుచుకున్నాను. ఆ తర్వాత నా ముక్కు పక్కన ఇంకోటి మొలిచిందంటే, దానికి దారి చూపించింది నేనే కదా!

రెండో రోజు పొద్దునకు సుధ మెడ తిప్పలేకపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. నీలావతి ఇక నన్ను అడగనైనా అడగలేదు. హిందూపురంలో శైలజ అని మంచి డాక్టరమ్మ ఉందని విని, మా ఇద్దరినీ వెంటబెట్టుకుని రైలెక్కింది. పెట్టెలో సీట్లు ఖాళీగా ఉన్నా నేను నిలబడే ఉన్నాను. పెనుకొండలో ఎక్కిన ఒకాయన జాలిపడి, "కూసో పెద్దాయనా, ఈడ చోటుండాది," అన్నాడు.

"పర్వాలేదప్పా, నాకు నిలబడడమే ఇష్టం," అన్నాను. నీలావతి కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది.

డాక్టరమ్మ సుధ గడ్డను కోసి శుభ్రం చేసి, చీము కొంత పరీక్షకు పంపింది. నాదీ చూసింది. ఆ నిమిషం గురించి నేను రాయను. ఫలితం వచ్చాక మళ్ళీ పిలిపించింది.

"ఇది మామూలు మందులకు లొంగని సూక్ష్మజీవి. సొంతంగా మాత్రలు వేసుకుంటూ పోతే ఇలాంటివే బతికి బట్టకడతాయి. ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది కూడా. మీ ఇంట్లో ఎవరి తువ్వాల వాళ్ళకు ఉందా?"

నేను ఛాతీ విరిచాను. "మా ఇంట్లో అట్లాంటి తేడాల్లేవమ్మా. అందరికీ ఒకే తువ్వాల. అంత కలిసుంటాం."

"మీ ఐకమత్యం ఆ క్రిమికి బాగా కలిసొచ్చింది లెండి," అంది ఆమె. సుధ కట్టున్న మెడతోనే నవ్వబోయి "అబ్బా" అంది.

గడ్డల్ని నొక్కకూడదు, కట్టుతో కప్పి ఉంచాలి. కట్టు ముట్టుకునే ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తువ్వాల, సబ్బు, రేజరు ఎవరివి వాళ్ళవే. గుడ్డలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో బాగా ఆరెయ్యాలి. తాను రాసిన మందు ఆమె చెప్పినన్నాళ్ళూ వాడాలి. ఇవన్నీ ఆమె నీలావతికి చెప్పింది. నాకు చెప్పి లాభం లేదని అప్పటికే తెలిసిపోయినట్టుంది.

ఇంటికొచ్చాక నీలావతి కొత్త తువ్వాలల కొసలకు తలా ఒక రంగు పట్టుదారం కట్టింది. "రోగం పంచిపెట్టినావు కదా, గుడ్డలు ఉతికేదీ నువ్వే," అంది. చీర మీద చుక్క నీళ్ళు పడితే ఊళ్ళో అందరినీ తిట్టే నేను, వేడినీళ్ళ బకెట్ ముందు చెమటలు కక్కుతూ కూర్చున్నాను. అలవాటు కొద్దీ సుధ తువ్వాల మీద చెయ్యి వేస్తే, "నాయనా, రంగు చూడు!" అని లోపలి నుంచే కేక. రంగుల్లో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ మాట పడడం మామూలు అవమానమా? మొత్తానికి అందరి గడ్డలూ మానాయి. తర్వాత నీలావతికి చిన్నది ఒకటి లేచింది కానీ, అది ఆమెను దాటి ఇంకెవరికీ పోలేదు.

మొన్న చెన్నేకొత్తపల్లిలో బామ్మర్ది జయరామ్ గృహప్రవేశానికి పోయాం. స్నానం చేసి వస్తూ అతను, "బావా, నీ తువ్వాల ఇట్లియ్యి," అన్నాడు.

"ఇయ్యనప్పా. కావాలంటే నా చొక్కా తీస్కో."

"తువ్వాల కాడ గూడా ఇంత పిసినారితనమా!" అని అతను అందరినీ పిలిచాడు. తప్పించుకోలేక, గడ్డ ఎక్కడ లేచిందో అక్కడి నుంచి మొదలుపెట్టి కథంతా చెప్పాను. వంటవాళ్ళు కూడా గరిటెలు వదిలేసి నవ్వారు.

భోజనాలయ్యాక జయరామ్ నన్ను గోడ పక్కకు తీసుకుపోయాడు. గొంతు తగ్గించి, "బావా, నాకూ తొడ మీద ఒకటి లేచిండాది. నీకు అలవాటే కదా, కొంచెం నొక్కి చూస్తావా?" అన్నాడు.

"నేను ముట్టను. నువ్వూ ముట్టొద్దు," అన్నాను. "గుడ్డ కప్పుకో. రేపు హిందూపురం పోదాం."

మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని బస్సెక్కాను.