వీరేశం కోసం పటాకులు

మా ఆయన సోమేశ్వరరావుకు పొద్దున్నే పేపర్లో ‘చరిత్రలో ఈ రోజు’ చదవందే కాఫీ గొంతు దిగదు. తను చదువుకుంటే సరిపోదు, ఇల్లంతా వినాలి. పొయ్యి మీద పప్పు మాడుతోందన్నా ఆపరు. ఆ శీర్షిక అంటేనే నాకు ఒళ్లు మంట. రోజుకు ఎంతమంది పుడుతున్నారు, ఎంతమంది పోతున్నారు! వాళ్లలో ఏ నలుగురికో తప్ప అందులో చోటుండదు.

మా ఇంట్లో పనిచేసే భాగ్యమ్మ మొగుడు వీరేశం కూడా ఆ చోటు దొరకనివాడే. హైటెక్ సిటీ దారిలో లేస్తున్న భవనాలకు సెంట్రింగ్ పని చేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. కూతురు బుజ్జి అంటే ప్రాణం. నిరుడు మే నెల ఎండలకు జనం పిట్టల్లా రాలిపోయారు. మే పదకొండున మధ్యాహ్నం వీరేశం చెక్కలు మోస్తూ మోస్తూ కూలబడ్డాడు. దవాఖానకు తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. వడదెబ్బ అన్నారు.

సాయంత్రం శవాన్ని ఆటోలో ఇంటికి తెస్తుంటే కొత్తగూడ చౌరస్తాలో కుర్రాళ్లు పటాకులు కాలుస్తున్నారు. పోఖ్రాన్‌లో మన దేశం అణుపరీక్షలు చేసిందని అప్పుడే టీవీలో చెప్పారట. భాగ్యమ్మ వాళ్లలో మనిషి పోతే డప్పులు కొట్టించి, పటాకులు కాల్చి సాగనంపుతారు. ఆమెకు అంత శక్తి ఎక్కడిది? ఒళ్లో కూర్చున్న ఆరేళ్ల బుజ్జి ఆ చప్పుడు విని, “నాయిన కోసమేనా అమ్మా?” అని అడిగింది.

“అవ్ బిడ్డా, మీ నాయిన కోసమే” అంది భాగ్యమ్మ.

తర్వాత ఒకరోజు నాతో చెప్పుకుని కళ్లు తుడుచుకుంది. “ఏం జెయ్యాలె వాసంతమ్మా, నోట్లకెల్లి గట్ల వచ్చేసింది. ఇగ అది బస్తీల అందరికి చెప్పుకుంటుంది, మా నాయిన పోతే ఊరంత పటాకులు కాల్చిన్రని.”

మంచి పనే చేశావన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

ఏడాది తిరిగింది. వీరేశం పోయింది పున్నమి నాడు. ఆ పున్నమి ఈసారి ఏప్రిల్‌లోనే రావడంతో సంవత్సరీకం అప్పుడే జరిపేశారు. కానీ బుజ్జి తిథులు ఎరగదు. మే పదకొండు ఎప్పుడొస్తుందా అని మా క్యాలెండర్ వంక చూస్తూ ఉండేది.

ఆ రోజు బడికి సెలవులు కాబట్టి తల్లి వెంట వచ్చింది. మా ఆయన పేపరు విప్పగానే కుర్చీ పక్కకు వెళ్లి నిలబడింది. ఆయన గొంతు సవరించుకుని అందుకున్నారు. పద్దెనిమిది వందల యాభై ఏడు, మీరట్ సిపాయిలు ఢిల్లీ చేరారు. తొంభై ఎనిమిది, పోఖ్రాన్‌లో అణుపరీక్షలు.

“మా నాయినది గూడ చదువు సార్” అంది బుజ్జి.

“మీ నాన్నదా? ఇందులో ఎందుకుంటుందమ్మా?”

“ఆ దినం ఊరంత పటాకులు కాల్చిన్రు గద. పేపర్ల రాయరా?”

నేను వంటింటి గుమ్మంలోంచి కళ్లు పెద్దవి చేశాను, చేతులు ఊపాను. పేపరు చేతిలో ఉంటే ఆ మనిషికి పెళ్లాం కనిపిస్తే కదా!

“ఓ, ఆ టపాకాయలా! అవి అణుపరీక్షల కోసమమ్మా. ఇవాళ టెక్నాలజీ దినోత్సవమని మా ఆఫీసులో కూడా దానికే పండగ” అన్నారు నవ్వుతూ.

పెరట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బుజ్జి నెమ్మదిగా తల్లి దగ్గరికి నడిచింది. వెనకే నేనూ వెళ్లాను.

“నాయిన కోసం ఎవ్వరు కాల్చలేదా అమ్మా?”

సబ్బు చేతులు కొంగుకు తుడుచుకుంటూ భాగ్యమ్మ నా వైపు చూసింది. “దానికి చెప్పీ చెప్పీ నేను గూడ నమ్మిన వాసంతమ్మా. మా ఆయన్ని మంచిగనే సాగదోలినమని అనుకున్న” అంది. తర్వాత బిడ్డ వైపు తిరిగి, “లేదు బిడ్డా. ఎవ్వరు కాల్చలేదు” అంది.

బుజ్జి ఏడవలేదు. “మరి నేను అందరికి చెప్పిన గదనే. ఇగ వాళ్లకేం చెప్పాలె?” అని అడిగింది.

మొగుడు పోయిన రోజు నలుగురిలో గుట్టుగా ఏడ్చిన భాగ్యమ్మ, పిల్లను ఒళ్లోకి లాక్కుని గొంతు చించుకుని ఏడ్చింది.